లండన్ రవాణా ప్రదర్శనశాలలో ఒక పూట

ఒక పట్టణం ఎంత పెద్దదిగా పెరగగలదు అనే ప్రశ్నకు చాలాకాలం వరకు ఒకటే జవాబు ఉండేది: మనిషి కాళ్ళు ఎంతదూరం మోయగలిగితే అంత. మామూలు మనిషి గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తాడు. పొద్దున గంటసేపు నడిచి పనికిపోయి, సాయంకాలం మళ్ళీ గంటసేపు నడిచి ఇల్లు చేరవలెనంటే, ఊరి నడిబొడ్డునుంచి 5 కిలోమీటర్లకు మించిన దూరంలో ఇల్లు పెట్టుకోవడానికి వీల్లేదు. 1801 జనాభా లెక్కలనాటికి లండన్‌లో సుమారు 10 లక్షలమంది ఉండేవారు. వారిలో బండికట్టే తాహతు లేనివారందరూ ఈ హద్దుకు లోబడే బ్రతికారు. 1901 నాటికి శివార్లతో కలిపి అక్కడి జనాభా 65 లక్షలు అయినది. మనిషి కాళ్ళు మాత్రం ఆ నూరేళ్ళలో పెరగలేదు. మరి ఆ జనమంతా ఎట్లా ఇమిడినారు? ఎవరు వారిని మోశారు?

ఈ ప్రశ్నకు జవాబు కళ్ళారా చూడవలెనంటే లండన్ నడిబొడ్డున, కవెంట్ గార్డెన్‌లో ఉన్న రవాణా ప్రదర్శనశాలకు పోవాలి. పూర్వం అది పూలబజారు. ఇనుప కమ్మీలు, గాజు పలకలతో 1870ల తొలి ఏళ్ళలో కట్టిన మండపం. పూలవర్తకులు ఖాళీ చేసి వెళ్ళిన తరువాత 1980లో అందులోనికి బస్సులూ ట్రాములూ రైలుపెట్టెలూ వచ్చి చేరినవి. ఈ సేకరణ మటుకు అంతకంటె పాతది. 1920లలో అక్కడి బస్సు కంపెనీ ఒకటి రెండు పాత గుర్రపు బస్సులను, ఒక తొలికాలపు మోటారు బస్సును తుక్కుకింద అమ్మకుండా అట్టేపెట్టింది. అదే దీనికి మొదలు. పనికిరాని సామాను దాచిపెట్టడానికి కూడా ముందుచూపు కావాలి మరి!

లోపల ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. సందర్శకులు మొదట పై అంతస్తుకు పోయి, అక్కడినుంచి కిందికి దిగుతూ చూడాలి. పైన గుర్రాల కాలం, మధ్య ఆవిరి, కింద విద్యుచ్ఛక్తి, పెట్రోలు. మెట్లు దిగినకొద్దీ కాలం ముందుకు నడుస్తుంది.

అందరికొరకు

మొట్టమొదట కనిపించేది మన మేనా వంటి మూతకుర్చీ. ఇద్దరు మనుషులు మోసేవారు, ఒక మనిషి కూర్చునేవాడు. దాని పక్కనుంచి నాలుగడుగులు వేస్తే, జార్జి షిల్లిబీర్ అనే బండ్ల తయారీదారు 1829 జూలై 4న నడిపిన బస్సు నమూనా ఉన్నది. అది అసలు బండి కాదు. నూరేళ్ళ పండుగకోసం 1929లో చేసినది. మూడు గుర్రాలు పక్కపక్కన కట్టి లాగే పొడుగుపాటి పెట్టె అది, 20 మందికి పైగా లోపల ఎదురెదురుగా కూర్చోవచ్చును. పాడింగ్టన్ నుంచి నగరం మధ్యనున్న బ్యాంకు వరకు దాని దారి. ముందుగా చోటు కుదుర్చుకోనక్కరలేదు, దారిలో ఎక్కడైనా చెయ్యి ఊపి ఎక్కవచ్చును, వేళకు బయలుదేరుతుంది. ఈ మూడు లక్షణాలు కలిస్తేనే అది నగర రవాణా అవుతుంది.

ఆలోచన మాత్రం ఫ్రాన్సునుంచి వచ్చినది. ఆ మాటకొస్తే, దీనికి ఆద్యుడు మన భౌతికశాస్త్ర విద్యార్థులకు బాగా తెలిసిన మనిషే. ద్రవాల పీడనాన్ని గురించిన నియమాన్ని చెప్పిన బ్లెయిజ్ పాస్కల్ 1662లో పారిస్‌లో, ఒక్కొక్కరికి అయిదు సూల చార్జీతో, నిర్ణీతమైన దారులలో నడిచే బండ్లు పెట్టించినాడు. లెక్కలు తెలిసినవాడు గనుక పథకం బాగానే వేశాడు. కాని అక్కడి న్యాయస్థానం సిపాయిలు, నౌకర్లు, కూలివారు ఆ బండ్లెక్కరాదని శాసించింది. అందరూ ఎక్కని బండి ఎవరికీ కిట్టుబాటు కాదు. కొద్దికాలానికే ఆ బండ్లు మూలపడినవి. పాస్కల్ అదే సంవత్సరం ఆగస్టులో మరణించినాడు.

షిల్లిబీర్ బండిమీద పెద్ద అక్షరాలతో 'ఆమ్నిబస్' అని వ్రాసి ఉన్నది. లాటిన్‌లో 'అందరికొరకు' అని అర్థం; చతుర్థీ విభక్తి, బహువచనం. సంస్కృతంలో 'సర్వేభ్యః' అన్నట్లన్నమాట. ఆ 'భ్యః', ఈ 'బస్' ఒకే మూలభాషనుంచి దిగివచ్చిన ప్రత్యయాలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. లండన్ జనం పొడుగుమాట పలకలేక తలను వదిలి తోకను పట్టుకున్నారు. మనం రోజూ ఎక్కే బస్సు ఒట్టి విభక్తి ప్రత్యయమే!

పేరు అందరిదైనా షిల్లిబీర్ చార్జి అందరిదీ కాదు. కొసదాకా ప్రయాణానికి ఒక షిల్లింగు. కూలివాని దినకూలిలో అది పెద్దభాగమే. గుమాస్తాలు, వర్తకులు ఎక్కినారు. కూలివారు పక్కనే నడిచిపోయినారు. పోటీ బండ్లు పెరిగి షిల్లిబీర్ అప్పులపాలైనాడు. తరువాత శవవాహనాల వ్యాపారంలోకి దిగినాడు. ఆ బండికి ప్రయాణికులు తక్కువకాని, బేరానికి కొదవలేదు.

గుర్రం ఖరీదు

పై అంతస్తులో తక్కిన గుర్రపు బస్సుల దగ్గర సందర్శకులు బొమ్మలు తీసుకుంటారు, పిల్లలు ఎక్కి కూర్చుంటారు. నాకు మటుకు అక్కడ బండికంటె లెక్క ఎక్కువ ఆసక్తిగా తోచింది. ఒక బస్సు పొద్దుననుంచి రాత్రిదాకా తిరగాలి. కాని ఒక గుర్రం మూడు నాలుగు గంటలకంటె అటువంటి బరువు లాగలేదు. అందుచేత జతలు మార్చుతూ ఉండాలి. ఒక జబ్బుపడినదానికి బదులుకూడా ఉండాలి. ఈ విధంగా రెండు గుర్రాలు లాగే ఒక్క బస్సుకు పదకొండు, పన్నెండు గుర్రాలు పోషించవలసివచ్చేది. కంపెనీ ఖర్చులో పెద్దవంతు మేతకూ సాలలకూ పోయేది. రాతిబాటలమీద ఆగుతూ కదులుతూ లాగవలసిన పని. ఆగిన బండిని కదిలించడమే అన్నిటికంటె కష్టం గనుక గుర్రాలు నాలుగైదేళ్ళకే పనికిరాకుండా పోయేవి.

1900 ప్రాంతంలో లండన్‌లో బస్సులు, ట్రాములు, అద్దెబండ్లు లాగే గుర్రాలు సుమారు 50,000 ఉండేవని అంచనా. ఒక గుర్రం రోజుకు 7 నుంచి 15 కిలోల పేడ వేస్తుంది. విద్యార్థులు గుణించి చూడవచ్చును: రోజుకు 350 నుంచి 750 టన్నులు! సరుకులబండ్ల గుర్రాలు ఈ లెక్కలో లేవు. వీధులన్నీ ఈగలు, వానపడితే అడుసు, ఎండకాస్తే దుమ్ము. ఇంకొక యాభై ఏళ్ళకు లండన్ వీధులు తొమ్మిది అడుగుల పేడకింద పూడిపోతాయని 1894లో ఒక ప్రసిద్ధ పత్రిక జోస్యం చెప్పినట్లు చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. ఆ పత్రిక పాత సంచికలు ఎంత వెతికినా అటువంటి వ్యాసం దొరకలేదు. కట్టుకథే కావచ్చును. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పడం మంచిది. పేడ నిజం, జోస్యం అనుమానం.

గుర్రాలను తగ్గించకపోయినా వాటి శ్రమను తగ్గించే ఉపాయం ఒకటి అప్పటికే ఉన్నది. అది పట్టా. ఎగుడుదిగుడు రాతిబాటమీద చక్రం ప్రతి రాతిని ఎక్కి దిగాలి, మెత్తనిచోట కొంత కూరుకుపోవాలి. ఉక్కు పట్టామీద ఉక్కు చక్రం అట్లాకాదు. రెండూ గట్టివి, నునుపైనవి. అందుచేత టన్ను బరువును లాగడానికి బాటమీద కావలసిన బలంలో మూడవవంతో, అంతకంటె తక్కువో చాలుతుంది. బస్సులో 26 మందిని లాగే గుర్రాలజతే ట్రాములో 50 మందికి దగ్గరగా లాగగలిగింది. బళ్ళో దీనిని చూపించడం కష్టంకాదు. చిన్న బొమ్మబండికి స్ప్రింగుత్రాసు తగిలించి ఒకసారి ఇసుకమీద, ఒకసారి నున్నని బల్లమీద లాగించండి, త్రాసు ముల్లే పాఠం చెబుతుంది.

బలం మూడోవంతు అయితే చార్జి కూడా తగ్గుతుంది. ట్రాము పెన్నీ చార్జికి నడిచింది. పన్నెండు పెన్నీలైతే ఒక షిల్లింగు. షిల్లిబీర్ పక్కన నడిచిపోయిన కూలివాడు ఎక్కగలిగిన మొదటి బండి ట్రామే. అయితే అది లండన్‌కు సులభంగా రాలేదు. జార్జి ఫ్రాన్సిస్ ట్రెయిన్ అనే అమెరికా వర్తకుడు (అతని పేరే అది!) 1861లో పట్టాలు పరిపించినాడు. అవి రోడ్డుకంటె ఎత్తుగా పొడుచుకుని ఉండేవి. పెద్దమనుషుల బగ్గీల చక్రాలు వాటికి తగిలి విరిగేవి. గోల పుట్టింది, ట్రెయిన్‌ను కోర్టుకీడ్చినారు, పట్టాలు పెరికివేశారు. రోడ్డుతో సమంగా, మధ్య గాడి ఉండే పట్టాలు తయారైన తరువాత, 1870లో గాని నికరమైన ట్రాములు మొదలుకాలేదు. అప్పుడుకూడా ధనవంతులుండే పడమటి లండన్ నడివీధులలోకి వాటిని రానివ్వలేదు.

ఇక్కడ మనవారికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పాలి. గుర్రాలు లేని విద్యుత్ ట్రాము లండన్ వీధులలో నికరంగా నడవడం 1901లో మొదలైనది. మద్రాసులో 1895 మే 7ననే మొదలైనది! అప్పటికి తెలుగువారికీ రాజధాని మద్రాసే గనుక, అక్కడికి చదువుకో కోర్టుపనికో వెళ్ళిన మనవారు లండన్ వాసికంటె ఆరేళ్ళముందు ఆ బండి ఎక్కి ఉంటారు. మద్రాసులో మొదట తీగను తలమీద కాక, పట్టాలనడుమ సన్నని గాడికింద కాలువలో పెట్టినారు. మన వానలు సంగతి తెలిసిందే. ఆ పద్ధతి నిలవక తలమీద తీగకు మార్చవలసివచ్చింది. లండన్ నడిబొడ్డున మాత్రం అదే కాలువ పద్ధతి ట్రాములున్నంతకాలం, అంటే 1952 జూలైలో చివరి ట్రాము షెడ్డు చేరేవరకు సాగింది. మద్రాసు ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయినవి.

భూమిలోపలికి

వీధులు కిక్కిరిసినప్పుడు వీధికింద దారి చేద్దామన్న ఆలోచన చార్లెస్ పియర్సన్ అనే న్యాయవాదిది. ఆయన నగరపాలక సంస్థకు సొలిసిటరు. ఆయనకు రైళ్ళమీద మోజుకంటె పేదల ఇళ్ళమీద బెంగ ఎక్కువ. కూలివారు పనిచోటుకు నడిచి పోగలిగిన దూరంలోనే ఉండవలసి రావడంవల్ల ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం, ఒక్కొక్కచోట రెండేసి కుటుంబాలు మగ్గిపోతున్నవి. తక్కువ చార్జితో రైలు ఉంటే వారు గాలీ వెలుతురూ ఉన్న శివార్లలో ఉండవచ్చునని ఆయన ఏళ్ళతరబడి వాదించినాడు. చివరకు పని మొదలైనది. జాన్ ఫౌలర్ ఇంజనీరు. పద్ధతి సాదా అయినది: వీధిని పొడుగునా తవ్వడం, ఇటుకలతో గోడలు, కమాను కట్టడం, పైన మళ్ళీ మన్ను కప్పి వీధి వేయడం.

వీధికింద తవ్వినంతమేర బాగానే ఉన్నది. తూర్పు కొసన ఫ్లీట్ వాగు లోయలో వీధి లేదు, పేదల ఇళ్ళున్నవి. వాటిని పడగొట్టినారు. ఇంటి యజమానులకు పరిహారం ముట్టింది. వారంవారం అద్దె కట్టుకునేవారికి ఏమీలేదు. మూటలు నెత్తినపెట్టుకుని పక్కసందుల్లోని ఇరుకు గదులలోకి మరింత ఇరుకుగా పోయి చేరినారు. ఎవరికోసం పియర్సన్ రైలు కోరినాడో వారే ముందుగా దానికి మూల్యం చెల్లించినారు. 1862 జూన్‌లో ఆ వాగు మురుగునీరు గట్టు తెంచుకుని తవ్వకంలోకి పడి పనిని పాడుచేసింది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో పియర్సన్ మరణించినాడు. 1863 జనవరి 10న మెట్రోపాలిటన్ రైలు జనానికి తెరిచారు. ప్రపంచంలో మొదటి భూగర్భ నగర రైలు అది, పొడవు సుమారు 6 కిలోమీటర్లు. మొదటిరోజునే ముప్ఫయివేలమందికి పైగా ఎక్కినారు. 1864లో తెల్లవారుజామున కూలివారికోసం ప్రత్యేకంగా, రానూపోనూ మూడు పెన్నీలకు రైళ్ళు వేశారు. పియర్సన్ చూడవలసినది ఆ రైళ్ళు.

మధ్య అంతస్తులో ఆ రైలుమార్గపు ఇంజను ఒకటి ఉన్నది, 23వ నెంబరుది. మాంచెస్టరులో బేయర్ పీకాక్ కంపెనీ 1866లో చేసింది. 1948 దాకా ఏదో ఒకచోట పనిచేసింది. దాని పక్కన నిలబడితే ఎవరికైనా తోచే ప్రశ్న: సొరంగంలో పొగ సంగతేమిటి?

ఫౌలర్ మొదట నిప్పులేని ఇంజను చేద్దామని చూశాడు. ఇటుకలను ఎర్రగా కాల్చి ఇంజనులో పెడితే సొరంగంలో ఉన్నంతసేపు ఆ వేడితోనే ఆవిరి పుడుతుందని ఆయన ఊహ. అది సాగలేదు. అప్పుడు ఈ ఇంజను పద్ధతి వచ్చినది. పనిచేసి వచ్చిన ఆవిరిని గొట్టంలోంచి పైకి వదలకుండా, పక్కనున్న చన్నీటి తొట్లలోకి పంపితే అది అక్కడ చల్లబడి నీరవుతుంది. వినడానికి బాగానే ఉన్నది. కాని ఒక కిలో ఆవిరి నీరయ్యేటప్పుడు 540 కిలోకెలరీల గుప్తోష్ణాన్ని వదులుతుంది. అంత వేడి దాదాపు 7 కిలోల నీటిని 20 డిగ్రీలనుంచి మరిగేదాకా కాచడానికి సరిపోతుంది. కాబట్టి తొట్లలో నీళ్ళు త్వరలోనే కాగిపోయి ఆవిరిని చల్లార్చలేని స్థితికి వస్తాయి, వాటిని పారబోసి చన్నీళ్ళు పట్టాలి. పైగా ఈ ఏర్పాటు ఆవిరికేగాని పొగకు కాదు. బొగ్గుపొగ, గంధకపు వాసన సొరంగంలోనే ఉండిపోయేవి. అవి ఉబ్బసానికి మంచిదని కంపెనీవారు చెప్పుకొన్న రోజులుకూడా ఉన్నవి! 1905లో విద్యుచ్ఛక్తి వచ్చేవరకు, నలభై ఏళ్ళకు పైగా, ఇంజను డ్రైవర్లు రోజంతా ఆ గాలే పీల్చినారు.

విద్యుచ్ఛక్తి అంతకుముందే మరింత లోతున వచ్చింది. మరొక మూల ఒక చిన్న రైలుపెట్టె ఉన్నది, 1890 నాటిది. వంగి లోపలికి పోయినాను. రెండుపక్కలా పొడుగునా మెత్తవేసిన ఎత్తైన వెన్నుబల్లలు, కిటికీలకు బదులు పైన రెండు బెత్తెల చీలికలు. సొరంగంలో చూసేందుకు ఏమున్నదని కిటికీలు పెట్టలేదు. పిచ్చాసుపత్రిలో మెత్తలు కొట్టిన గదితో పోల్చి జనం దానికి ఎగతాళిపేరు పెట్టినారు. ఏ స్టేషను వచ్చిందో తెలియక పెట్టెకు కాపలా ఉండే మనిషి కేకపెడితే దిగేవారు.

ఈ లోతు సొరంగాలకు మూలం ఒక పురుగు. ఓడల కర్రను తొలిచే పురుగు తన తలను డాలువలె అడ్డుపెట్టుకుని ముందు తొలుస్తూ, వెనుక గోడను సున్నంతో గట్టిపరుచుకుంటూ పోతుంది. దానిని చూసి మార్క్ బ్రూనెల్ ఇనుప డాలు ఆలోచన చేశాడు. ఆ డాలుతోనే 1825 నుంచి 1843 దాకా శ్రమపడి థేమ్స్ నదికింద సొరంగం పూర్తిచేశాడు. జేమ్స్ గ్రేట్‌హెడ్ ఆ డాలును గుండ్రంగా మార్చి, వెనుక ఇనుప కమానుముక్కలు బిగించుకుంటూ పోయే పద్ధతి స్థిరపరచినాడు. లండన్ అడుగున ఉన్న బంకమన్ను ఇందుకు ఎంతో అనుకూలం. తవ్వడానికి మెత్తన, విడిచిపెడితే కూలిపోనంత గట్టి. లోతుగా పోతే ఇళ్ళు పడగొట్టనక్కరలేదు. తొలి మార్గం స్టాక్‌వెల్ నుంచి నదికిందుగా నగరంలోకి, సుమారు 5 కిలోమీటర్లు. మొదటి ఆలోచన ఆ బండ్లను ఉక్కుతాడు కట్టి లాగడం. 1888లో ఆ తాటి ఏర్పాట్లు చేయవలసిన కంపెనీ దివాలా తీసింది. అప్పుడు గత్యంతరంలేక, బాగా పరీక్షకైనా నిలవని విద్యుత్ ఇంజనులను పెట్టినారు. అవి నిలిచినవి. 1890 డిసెంబరులో జనం ఎక్కడం మొదలుపెట్టినారు. అన్నితరగతులూ ఒకటే, చార్జి రెండు పెన్నీలు.

బంకమన్ను చేసిన మేలును గురించి అందరూ చెబుతారు. అది వసూలుచేస్తున్న వడ్డీని గురించి కూడా చెప్పాలి. సొరంగాలు తవ్విననాడు ఆ మట్టి వేడి సుమారు 14 డిగ్రీలు. ఎండాకాలం చల్లగా ఉంటుంది రండని కంపెనీవారు ప్రకటనలు వేసేవారు. రైలు బయలుదేరినప్పుడు విద్యుచ్ఛక్తి చలనశక్తి అవుతుంది, ఆగినప్పుడు బ్రేకులవద్ద ఆ చలనశక్తి వేడి అవుతుంది. రోజుకు కొన్ని వందల రైళ్ళు, ప్రతి స్టేషనులోను ఆగాలి. ఆ వేడి సొరంగపు గోడలగుండా మట్టిలోకి ఇంకింది. మట్టి ఉష్ణాన్ని త్వరగా దాటించదు. నూరేళ్ళకు పైగా నిలవచేసుకుని కొన్నిచోట్ల 20 డిగ్రీలు మించింది. ఇప్పుడది రైళ్ళను చల్లబరచదు. ఇరుకు సొరంగంలో చల్లనియంత్రాలు అమర్చడానికి చోటు చాలా తక్కువ, అమర్చినా అవి విసర్జించే వేడి పోయేదెక్కడికి? 1890లో మిగుల్చుకున్న తవ్వకపుఖర్చు ఇప్పుడు ఇంజనీర్ల నెత్తిన కూర్చున్నది.

కింది అంతస్తు

కింద మోటారు బస్సులు ఎర్రగా బారులుతీరి ఉన్నవి. వాటిలో 1911లో చేసిన బి-తరహా బస్సు ముఖ్యం. పై అంతస్తుకు కప్పులేదు, టైర్లు గాలిలేని గట్టి రబ్బరువి. అయినా ఒకటే మాదిరిగా వేలకొలది తయారుచేసిన మొదటి బస్సులలో ఇది ఒకటి. ఇది వచ్చిన తరువాత గుర్రాల పతనం ఎంత వేగంగా జరిగిందంటే, అన్నిటికంటె పెద్ద కంపెనీ 1911 అక్టోబరు 25న చివరి గుర్రపు బస్సును ఆపివేసింది. నగరంలో ఆఖరి గుర్రపు బస్సు ఆగినది 1914 ఆగస్టు 4న. బ్రిటను యుద్ధంలోకి దిగినదీ ఆరోజే. ఈ బి-తరహా బస్సులు 900కు పైగా కిటికీలకు చెక్కలు కొట్టించుకుని సిపాయిలను మోయడానికి ఫ్రాన్సు వెళ్ళినవి.

మగవారు యుద్ధానికి పోగా 1915 నుంచి ఆడవారు కండక్టర్లుగా వచ్చారు. యుద్ధం ముగిశాక వారిని పంపివేశారు. లండన్ బస్సును ఒక స్త్రీ నడపడం 1974లోగాని జరగలేదు.

ఇక ప్రదర్శనశాలలో అన్నిటికంటె చిన్న వస్తువు, నా మట్టుకు అన్నిటికంటె పెద్దది, ఒక పటం. హారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో, ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్నప్పుడు, భూగర్భ రైళ్ళ పటం కొత్తగా గీశాడు. భూమిమీది దూరాలను వదిలివేశాడు. గీతలన్నీ అడ్డంగా, నిలువుగా, లేదా 45 డిగ్రీల వాలుగా. విద్యుత్ వలయం గీసినట్లు ఉంటుంది. మొదట కంపెనీవారు ఒల్లలేదు. 1933లో అచ్చువేస్తే జనం ఎగబడి తీసుకున్నారు. భూమికింద ప్రయాణించేవానికి కావలసినది ఏ స్టేషను తరువాత ఏది, ఎక్కడ మారాలి అనేదే. ఎన్ని గజాలు అనేది కాదు. కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనల చిక్కును విప్పినప్పుడు ఆయిలర్ చేసినదీ ఇదే. దూరాలను వదిలి సంబంధాలను మాత్రం పట్టుకున్నాడు. టోపాలజీ చెప్పే లెక్కల మాస్టరుకు ఈ పటంకంటె మంచి సాధనం దొరకదు.

అయితే ఆ పటంవల్ల నేను మోసపోయిన సంగతికూడా చెప్పాలి. ప్రదర్శనశాలకు పోవడానికి లెస్టర్ స్క్వేర్‌లో రైలెక్కి తరువాతి స్టేషను కవెంట్ గార్డెన్‌లో దిగినాను. పటంలో ఆ రెంటి ఎడం తక్కినవాటి వలెనే ఉన్నది. నిజానికి అది 260 మీటర్లు! మెట్లు దిగి ఎక్కినంతసేపు పట్టదు నడవడానికి. లోపల పటం ఎదుట నిలబడి ఈ మాట చెబితే, పక్కనున్న పెద్దాయన తాను లండన్‌లోనే పుట్టాననీ, తనూ మొదటిసారి అట్లాగే చేశాననీ నవ్వినాడు.

భూగర్భ స్టేషన్లలో కదిలే మెట్లు 1911 నుంచి ఉన్నవి. పూర్వం వాటి మెట్లు, పక్కలు కర్రతో చేసేవారు. 1987 నవంబరు 18 సాయంకాలం కింగ్స్ క్రాస్ స్టేషనులో అటువంటి మెట్లసందున ఒక అగ్గిపుల్ల పడింది. అడుగున ఏళ్ళతరబడి పేరుకున్న జిడ్డు, నూగు అంటుకున్నవి. మొదట చిన్నమంటే. చూసినవారు పెద్ద ప్రమాదమనుకోలేదు. కొద్ది నిమిషాలలో పైనున్న టికెట్ల హాలులోకి ఒక్కసారిగా మంట కొట్టి, 31 మంది చనిపోయినారు. అంత చిన్నమంట అంత త్వరగా ఎట్లా పెరిగింది? విచారణలో కంప్యూటరుతో లెక్కకట్టి చూస్తే, మంట పైకి లేవకుండా మెట్ల వాలు వెంబడి పడుకుని పాకినట్లు వచ్చింది. మంట పైకిపోతుందిగాని పడుకుంటుందా అని నిపుణులే నమ్మలేదు. మూడోవంతు కొలతతో నమూనా మెట్లు కట్టి కాల్చి చూశారు. మంట పడుకున్నది. రెండుపక్కల గోడలున్న వాలుకాలువలో గాలి కిందినుంచి పైకి ఈడ్చుకుపోతూ మంటను నేలకు అణచి, ముందున్న మెట్లను వేడెక్కించి, అన్నీ ఒక్కసారిగా అంటుకునేటట్లు చేస్తుందని తేలింది. ఈ ధర్మం అంతకుముందు ఎవరూ గుర్తించలేదు. ఆ తరువాత కర్రమెట్లను తీసివేస్తూ వచ్చారు. చివరిది 2014లో పోయింది.

బండ్లు చాలినన్ని ఉన్నా నడిపేవారు చాలని కాలం రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చింది. 1956లో లండన్ రవాణావారు బార్బడోస్ దీవికి మనుషులను పంపి, అక్కడే పరీక్షలుచేసి పనివారిని చేర్చుకున్నారు. ఓడచార్జీ అప్పుగా ఇచ్చి, జీతంలో విరిచేవారు. అన్ని ఊళ్ళలోను ఇంతపాటి ఆదరణకూడా దొరకలేదు. బ్రిస్టల్‌లో నల్లవారిని, మన దేశపువారిని బస్సులమీద పనికి తీసుకోకూడదనే నియమం ఉండేది. 1963లో జనం నెలలతరబడి బస్సులెక్కడం మానివేస్తేగాని అది పోలేదు. ఆ సెప్టెంబరులో అక్కడ మొదటి తెల్లవాడుకాని కండక్టరుగా చేరినవాడు రఘుబీర్ సింగ్ అనే సిక్కు.

వీటన్నిటినీ చూసి బయటికి వస్తూంటే నాకు హైదరాబాదు జ్ఞాపకం వచ్చింది. 1932 జూన్‌లో నిజాం రాజ్య రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖ పెట్టినారు. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలకు అదే మూలం. ఆనాటి ఆల్బియన్ బస్సు, గ్లాస్గోలో తయారైన కంపెనీ సరుకు, హైదరాబాదులో ఆర్టీసీవారు భద్రపరచినారు. లండన్‌లో బి-తరహా బస్సుకూ దానికీ ఇరవై ఏళ్ళ ఎడం. మన పిల్లలకు లండన్ దూరం. ఆ ఆల్బియన్ బస్సు దూరం కాదు. తీసుకుపోయేవారు చక్రాలముందు వంగి టైర్లు చూడమని చెప్పండి, తరువాత డ్రైవరు చోటూ, బ్రేకు పెడలూ.